ఎవరు పెట్టిన పేర్లివి?

*దేశమంతా కులగణన గురించి మాట్లాడుకుంటోంది. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న తిరుపతి, చిత్తూరు సీమలో తలలు లెక్కపెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది.*

మే నెల ఎండల్లో తిరుపతి వీధులు రంగు మారతాయి. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు పడిన మర్నాటి నుంచి పిల్లలూ పెద్దలూ వేషాలు కడతారు. నామకొమ్ము అరగదీసి ఒళ్లంతా తెల్లగా పూసుకుంటే బైరాగి వేషం. కుంకుమ పులుముకుంటే బండ వేషం. బొగ్గుపొడి రాసుకుని వేపమండలు పట్టుకుంటే తోటి వేషం. ఆ తరవాత దొర, ఆ పైన మాతంగి. దాక్కున్న పాలెగాణ్ణి వెతకడానికి గంగమ్మ ఎత్తిన వేషాలివి అని ఊరి కథ. వేషగాళ్లు ఎదురొచ్చిన వాళ్లను బూతులు తిడతారు, తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఆఫీసరు గారబ్బాయి తోటి అవుతాడు, కూలికి పోయే కుర్రాడు దొర అవుతాడు. మొక్కు చెల్లించి ఇంటికొచ్చి నాలుగు చెంబులు పోసుకుంటే ఎవరి పేరు వాళ్లకు తిరిగొస్తుంది.

గుళ్ల ముందు దారి పక్కన పట్టా పరిచి పూసలదండలు, పిన్నీసులు, రుద్రాక్షలు అమ్మే కుటుంబాల సంగతి వేరు. ఊళ్లో కొందరు వాళ్లను నక్కలోళ్లంటారు, కొందరు పూసలోళ్లంటారు, ఇంకొందరు పిట్టలోళ్లంటారు. ఒకప్పుడు నక్కల్ని వేటాడారు, పిట్టల్ని పట్టి అమ్మారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట నేరమైంది, పూసలే బతుకుతెరువయ్యాయి. మూడు పేర్లూ చూసేవాడి కంటికి తోచినవే. ఇళ్లలో వాళ్లు మాట్లాడుకునేది వాగ్రీబోలి, గుజరాతీకి చుట్టమయ్యే భాష. తమను తాము వాగ్రీలమని చెప్పుకుంటారు. ఆ మాట విన్నవాళ్లు తిరుపతిలో ఎందరు? జాతర వేషం కడిగితే పోతుంది, ఈ పేర్లు పోవు.

1931 తరవాత తొలిసారి జనగణనలో అన్ని కులాలనూ లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం తేల్చింది. 2027 మార్చి 1 నాటికి ఉన్న జనాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆ ప్రకటన వచ్చినప్పటి నుంచి టీ కొట్ల దగ్గర, టీవీ చర్చల్లో, పార్టీ ఆఫీసుల్లో ఒకటే గోల: ఎవరి జనం ఎంతని తేలుతుంది, ఎవరికెన్ని సీట్లు రావాలి? ఇదంతా పెద్ద కులాల లెక్క. నూటికి ఒకరో అరో ఉండే జాతులకు సంఖ్య కంటే ముందు పేరే సమస్య. మన సీమలో చిన్న జాతులకు రెండు రకాల పేర్లున్నాయి. ఒకటి హక్కు తెచ్చే పేరు. అది దక్కాలంటే తాతల నాటి కాగితం చూపాలి, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి, ఎవరో సంతకం పెట్టాలి. రెండోది అనుమానం తెచ్చే పేరు. దానికి రుజువు అడిగే నాథుడు లేడు, ఎవరైనా ఎవరి మీదైనా వేసేయొచ్చు. ‘నిన్ను నువ్వు ఏమని చెప్పుకుంటావు?’ అన్న ప్రశ్నకు ఈ రెండింటిలోనూ చోటు లేదు. రాబోయే గణన ఆ ప్రశ్న అడగకపోతే పాత తప్పునే కొత్త కంప్యూటర్లోకి ఎక్కించినట్టవుతుంది.

గీత దాటితే జాతి మారుతుంది

ఇక్కడ ‘స్థానికుడు’ ఎవరో చెప్పడం అంత తేలిక కాదు. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో అధికభాగం తమిళంలో ఉన్నాయి. అదే గుడిలో తాళ్లపాక వారి సంకీర్తనలు తెలుగులో రాగిరేకుల మీద నిలిచాయి. 1843 నుంచి 1933 దాకా ఆ గుడి పెత్తనం ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగుల హథీరాంజీ మఠం చేతిలో ఉంది. చిత్తూరు పట్టణం 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సరిహద్దు తగవు మీద వచ్చిన పటాస్కర్ తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వైపు పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయి. రాత్రి ఒక రాష్ట్రంలో పడుకుని పొద్దున ఇంకో రాష్ట్రంలో లేచిన పల్లెలివి. మనుషులు కదల్లేదు, గీత కదిలింది.

ఆ గీత పెద్ద కులాలకు పెద్దగా అడ్డు కాలేదు. చిన్న జాతులకు మాత్రం తలరాతే మార్చింది. మదనపల్లె వైపు తండాలో ఉండే సుగాలి ఆంధ్రప్రదేశ్ జాబితాలో షెడ్యూల్డ్ తెగ. సరిహద్దు దాటి కోలారు వైపు పోతే అదే బంజారా, లంబాణి షెడ్యూల్డ్ కులం. తమిళనాట లంబాడీలు వెనుకబడిన తరగతి. ఎరుకలవాళ్లు మన దగ్గర తెగ, కర్ణాటకలో కొరమ, కొరచ పేర్లతో షెడ్యూల్డ్ కులం. నక్కల, కురువిక్కారన్ పేర్లు 2003లో మన రాష్ట్రపు తెగల జాబితాలో చేరాయి. చిత్తూరుకు కూతవేటు దూరంలో వేలూరు వైపున్న వాళ్ల బంధువులు నరికురవర్లుగా అతి వెనుకబడిన తరగతుల్లోనే ఉండిపోయారు. అక్కడ వాళ్లను తెగగా గుర్తించే చట్టం 2023 జనవరికి గానీ అమల్లోకి రాలేదు. ఒకే తాత మనవళ్లలో ఒకడికి బడిలో గిరిజన ఉపకారవేతనం వస్తే, ఇంకొకడు ఇరవై ఏళ్లు ఎదురుచూశాడు. తెగ అనేది రక్తంలోనో ఆచారంలోనో ఉండే లక్షణమైతే పాలారు దాటేసరికి అది మారిపోదు. జాబితా పేరు ఆ జాతి గురించి చెప్పేది తక్కువ. ఆ జాబితా రాసిన రాష్ట్రం గురించి చెప్పేదే ఎక్కువ.

> సుగాలి అవ్వ ‘హిందీ’ ఎలా అయింది?
> 2011 జనగణనలో మాతృభాష ఏదని అడిగితే జనం చెప్పిన పేర్లు 19,569. వాటిని వడగట్టి 1,369 మాతృభాషలుగా తేల్చారు. అందులో పదివేల మందికి పైగా మాట్లాడేవాటిని 121 భాషల కింద సర్దారు. ఆ సర్దుబాటులో లంబాడీ హిందీ కిందికి వెళ్లింది. ఎరుకల భాష తమిళం కిందికి చేరింది. హిందీ అక్షరం ముక్క రాని తండా అవ్వ కూడా ప్రభుత్వ పట్టికలో హిందీ మనిషే.

గాడిదల మీది ఉప్పు, పోలీసు రిజిస్టరు

అనుమానపు పేరు ఎలా పుడుతుందో తెలియాలంటే ఎరుకలవాళ్ల చరిత్ర చూడాలి. రైళ్లు రాకముందు మద్రాసు రాజధానిలో తీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు చేరవేసిన వాళ్లలో వీళ్లు ముఖ్యులు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. జాబితాలో నేటికీ కనిపించే ‘ఉప్పు ఎరుకల’ అనే పేరు ఆ వృత్తి గుర్తే. దొరల ప్రభుత్వం ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. రైలు వచ్చి గాడిద బేరాన్ని మింగేసింది. వర్తకం పోయిన వర్తకులు ఊరి పొలిమేరల్లో తిరుగుతుంటే, తిరగడమే నేరంగా కనబడింది. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ ఈ క్రమాన్ని పాత కాగితాల ఆధారంగా వివరంగా చూపింది. ఆకలి ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా, దొంగతనం వాళ్ల పుట్టుకలోనే ఉందని ప్రభుత్వం రాసుకుంది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. పేరు నమోదైనవాడు వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కాగితం ఉండాలి. 1913లో గుంటూరు సీమలో స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. అధికారి పేరు మోసే ఆ ఊరు, దొంగల ఊరనే ముద్రనూ తరతరాలు మోసింది. ఎరుకలతో పాటు యానాదుల్లో కొందరినీ ఆ జాబితాలోకి లాగారు. నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు దశాబ్దాల పాటు పోరాడితే గానీ ఆ చట్టం కదల్లేదు. మద్రాసులో 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజును విముక్త జాతులు ఇప్పటికీ పండగలా జరుపుకుంటాయి.

చిత్రమేమిటంటే, ఇదే సీమ స్థలపురాణంలో ఎరుకలసానికి దక్కిన గౌరవం ఇంకెవరికీ దక్కలేదు. నారాయణవనంలో ఆకాశరాజు ఇంటికి వెళ్లి పద్మావతి పెళ్లి మాట కదిపింది ఎరుకలసాని వేషంలో వచ్చిన శ్రీనివాసుడే. శ్రీకాళహస్తిలో శివరాత్రి ఉత్సవాలు మొదలయ్యేది వేటగాడు కన్నప్ప కొండ మీద జెండా ఎక్కించాకే. కథలో వాళ్లకు పెద్దపీట వేసిన సమాజమే స్టేషన్ రిజిస్టరులో వేరే పేజీ తెరిచింది. మన పురాణాలు గొప్పవని చెప్పుకునేవాళ్లు ఈ రెండో పేజీ గురించీ మాట్లాడాలి.

‘చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటింది, ఇంకా అదే పాటా?’ అనొచ్చు. పాత చట్టం పోయినచోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. జాతి పేరు తీసేసి మనిషి పేరు రాశారు గానీ, ఎవరి పేరు ముందు గుర్తొస్తుందన్నది మారలేదు. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పే నాటికి కూడా పలు రాష్ట్రాల జైలు నిబంధనల్లో సంచార జాతులను, విముక్త జాతులను పుట్టుకతోనే అనుమానించే రాతలు మిగిలే ఉన్నాయి. వాటిని కోర్టు కొట్టేసింది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. ఇది మన కళ్ల ముందు, రెండేళ్ల కిందట అటూ ఇటూగా జరిగిన మాట.

‘తమిళ కూలీ’ అనే కొత్త జాతి

పాత ముద్రలు చెరుగుతుంటే కొత్తవి పడుతున్నాయి. శేషాచలం అడవుల వార్తలు చదివేవాళ్లకు ‘తమిళ కూలీలు’ అన్న మాట అలవాటైపోయింది. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి వైపు అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులన్నారు. కొందరిని ముందే పట్టుకుని తీసుకెళ్లారని బాధితుల తరఫువాళ్లు ఆరోపించారు. జాతీయ మానవ హక్కుల సంఘం విచారణకు దిగింది. ఆ వాదాల్లో నిజం తేల్చడం ఈ వ్యాసం పని కాదు. చనిపోయింది ఎవరన్నదే ఇక్కడ అవసరం. తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం జిల్లాల వాళ్లు. వాళ్లలో వన్నియర్లున్నారు, జవ్వాది, సిత్తేరి కొండల మలయాళి తెగవాళ్లున్నారు. ఈ మలయాళీలకు కేరళతో సంబంధం లేదు, తమిళనాడు జాబితాలోని కొండజాతి వాళ్లు. వానాధార సేద్యం తప్ప మరో ఆధారం లేని కొండ మీది మనిషిని మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి దించుతాడు. మన పత్రికలో అతను ‘తమిళుడు’. తమిళనాట పట్నపు పత్రికలో ‘మలయాళి’. రెండు చోట్లా పరాయివాడే. ఇంకో సంగతి: జవ్వాది కొండల్లో కొంత భాగం ఉన్న పోలూరు తాలూకా ఒకప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లాలోదే. అంటే 1911కు ముందు ఆ భాగంలోని కొండవాళ్లకూ చిత్తూరే జిల్లా కేంద్రం.

ఎర్రచందనం దోపిడీ కట్టుకథేమీ కాదు. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారుల్ని స్మగ్లర్లు చంపేశారు. శేషాచలం, వెలుగొండ, నల్లమల చుట్టుపక్కల తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టది, దాన్ని కాపాడాల్సిందే. నరికినవాడు దొరికితే కేసు పెట్టాల్సిందే. కానీ నేరం చేసినవాడికి ఊరూ పేరూ ఉంటాయి. వాటి బదులు భాష పేరు రాస్తే, తిరుపతిలో మూడు తరాలుగా ఇడ్లీ కొట్టు నడుపుకునే తమిళ కుటుంబం మీదా ఆ నీడ పడుతుంది. దుంగల్ని ఓడ ఎక్కించే పెద్దమనిషి పట్టుబడితే శీర్షికలో అతని భాష ఎప్పుడైనా కనబడిందా?

అవతలి ఒడ్డున నిలబడి చూస్తే ఈ బాధ మనకూ తెలిసినదే. ఇక్కడ మనం అరవోళ్లంటాం. చెన్నైలో మనల్ని ‘గొల్టి’ అంటే ఒళ్లు మండుతుంది. కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూను చేరిన తెలుగువాళ్లు అక్కడ ‘కోరంగీ’లయ్యారు. 1930 మే నెలలో రంగూను రేవులో మొదలైన మారణకాండలో చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ కూలీలే. మలయాలో ‘కెళింగ్’ అన్నారు. శ్రీలంకలో ఈనాటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే సంచారజాతిని సింహళీయులు అహికుంటికలంటారు. పాములాడించేవాళ్లన్నది తప్ప ఆ పేరులో ఇంకేమీ లేదు. పూసలమ్మేవాళ్లకు మనం చేసిందీ అదే.

> జాబితాలో యానాదులు
> ఆంధ్రప్రదేశ్ తెగల జాబితాలో యానాదుల పేరు పక్కన చెల్ల యానాది, కప్పల యానాది, మంచి యానాది, రెడ్డి యానాది అని ఉంటుంది. ఎంగిలి తిన్నారని ఒకరికి, కప్పలు తిన్నారని ఒకరికి, రెడ్ల ఇళ్లలో పనిచేశారని ఒకరికి ఊరు పెట్టిన పేర్లే గెజిట్‌కెక్కాయి. ‘మంచి’ అని ఒక శాఖకు పెడితే మిగతావాళ్లను ఏమన్నట్టు? 2011లో యానాదులు ఐదు లక్షల పైచిలుకు. వాళ్ల పాత నివాసాల్లో ఒకటైన శ్రీహరికోట 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవి ఖాళీ చేసిన వాళ్లలో యానాదులున్నారు.

పేరు లేకుంటే హక్కెక్కడిది?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ముద్రలు తప్పని అన్నీ చెరిపేస్తే రిజర్వేషన్ దేని మీద ఇస్తారు? గిరిజన హాస్టల్లో సీటు ఎవరికి? ఇది నిజమైన ప్రశ్న. సంచార, విముక్త జాతుల మీద కేంద్రం వేసిన ఇదాతే కమిషన్ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం రెండొందల అరవైకి పైగా జాతులు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాల్లో దేనిలోనూ లేవు. జాబితాలో లేనివాడికి ప్రభుత్వ దృష్టిలో కష్టమే లేదు. కాబట్టి పేరు కావాలి. కావాల్సిందల్లా, ఆ పేరు మోసేవాడిని అడిగి పెట్టడం. ‘నక్కల’ అని సర్టిఫికెట్ తీసుకుంటున్న కుర్రాడు ఆ మాట ఇష్టపడి చెప్పడం లేదు, జాబితాలో ఉన్నది తప్ప వేరే పేరు కంప్యూటర్ ఒప్పుకోదు కనుక చెబుతున్నాడు. వాళ్లే అలా చెప్పుకుంటున్నారు కదా అనేవాళ్లు ఈ బలవంతాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. దూదేకులవాళ్లది ఇంకో రకం ఇరకాటం. ఇంట్లో తెలుగు, నమ్మకం ఇస్లాం. ఉర్దూ ముస్లింలు తమవాళ్లనుకోరు, హిందువులు తురకలంటారు. జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని నాలుగు పేర్లు వరసగా ఉంటే, ఏది చెప్పుకోవాలో ఎంచుకునే వీలైనా వాళ్లకుంది.

రెండో అభ్యంతరం అధికారులది. ఎవరికి తోచిన పేరు వాళ్లు చెబితే లెక్క తేలదంటారు. 2011 సామాజిక, ఆర్థిక, కుల సర్వేలో జరిగింది అదే. 1931లో 4,147 కులాలుంటే ఆ సర్వేలో 46 లక్షల పేర్లు వచ్చాయని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. అయితే అదే 2011లో భాషల విషయంలో జనం చెప్పిన పంతొమ్మిది వేల పేర్లను పండితులు కూర్చుని సర్దగలిగారు. సర్దుబాటులో తప్పులున్నాయి గానీ, వచ్చిన పేర్లన్నీ కాగితం మీద ఉన్నాయి కనుకనే ఆ తప్పుల్ని ఇవాళ పట్టుకోగలుగుతున్నాం. కులం గడిలోనూ అంతే చెయ్యాలి. జనం చెప్పిన పేరు ఒక చోట, ప్రభుత్వం సర్దిన పేరు పక్క చోట. బ్రిటన్‌లో జిప్సీ, ఐరిష్ ట్రావెలర్లకు 2011 జనగణనలో గానీ ప్రత్యేక గడి రాలేదు, రోమాలకు 2021లో వచ్చింది. గడి పెరిగితే ఆ దేశపు లెక్కేమీ కుప్పకూలలేదు.

ఈ పని ఢిల్లీ చేసేదాకా తిరుపతి చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నగరంలో స్కావెంజర్స్ కాలనీ అని ఒక పేట ఉంది. అక్కడ పుట్టిన పిల్ల డాక్టరయినా ఆధార్ కార్డులో అడ్రసు చెప్పగానే ఎదుటివాడు తాతల పని పసిగట్టేస్తాడు. కులాల పేర్లున్న పేటలకు కొత్త పేర్లు పెట్టాలని 2020 డిసెంబరులో మహారాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ‘కాలనీ’ అన్న మాటనే ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామంది. మన నగరపాలక సంస్థకు ఒక తీర్మానం, కొన్ని బోర్డుల ఖర్చు. కొత్త పేరు ఏముండాలో పేటవాళ్లే చెప్పాలి. పైనుంచి ఏ నాయకుడి పేరో తెచ్చి అంటిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

గణన పత్రం పట్టుకుని ఇంటింటికీ వచ్చేది ఎక్కువగా మన బడిపంతుళ్లే. వాళ్లకొక మనవి. గుడిసె ముందు నిలబడి పక్కింటివాళ్లను అడిగి కులం రాయకండి, ఆ ఇంటి మనిషినే అడగండి, చెప్పింది చెప్పినట్టు రాయండి. మాతృభాష గడిలో ‘తెలుగే కదా’ అని మీరే నింపకండి. పూసలమ్మే ఆవిడ వాగ్రి అంటే వాగ్రి, ఇంట్లో వాగ్రీబోలి అంటే వాగ్రీబోలి. గణన రాత్రికి ఇల్లంటూ లేని సంచార కుటుంబాల కోసం బస్టాండుకూ, రైల్వే స్టేషనుకూ, సత్రాల ముందుకూ ఒకసారి వెళ్లి రండి.